మరిగే నీళ్లతో కొలిచిన మంచు

అభా, సౌదీ అరేబియా
22-9-1990

వర్షా,

మా వాళ్లకి నేనొక మాట చెబితే, దాని వెనక ఇంకేదో ఉందని వెతుక్కోవడమే పని. పోయిన నెల అమ్మకి ఫోన్ చేసి, ఎవరైనా ఇటు వస్తుంటే ఒక థర్మామీటర్ ఇచ్చి పంపమన్నాను. అమ్మ ఆ సంగతి మా అత్తగారికి చెప్పింది. రాజ్యం అత్తయ్య నీకు సొంత మేనత్త, ఆవిడ సంగతి నేను నీకు చెప్పడమేమిటి. పెళ్లై ఏడాది దాటిన కోడలు థర్మామీటర్ అడిగిందంటే ఆవిడకి ఒకటే అర్థం. నిన్న పార్శిల్ వచ్చింది. దూదిలో చుట్టిన జ్వరం చూసే థర్మామీటర్, కుంకుమపువ్వు డబ్బా, బరువులెత్తొద్దని ఉత్తరం. మీ బావ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి నా మొహంలోకి చూశాడు. అలాంటిదేం లేదని చెప్పాను. పోనీలే అన్నాడు. మరి థర్మామీటర్ ఎందుకు అడిగావని మాత్రం ఇంతవరకూ అడగలేదు.

నువ్వయితే అడుగుతావు. అందుకే నీకు రాస్తున్నాను.

నాకు కావాల్సింది నూటపది డిగ్రీల దాకా చూపించే లాబ్ థర్మామీటర్, డిగ్రీలో పదోవంతుకి గీతలున్నది. వచ్చిన కొత్తలో ఇక్కడ పప్పు ఉడికేది కాదు. గంటన్నర పొయ్యి మీద ఉన్నా పలుకు పలుకుగానే ఉండేది. ఆ కబురు కాకినాడలో అత్తగారింటికి చేరి, ఎమ్మెస్సీ చదివిన కోడలికి పప్పు ఉడకబెట్టడం రాదని స్థిరపడిపోయింది. అభా సముద్రానికి రెండు వేల రెండొందల మీటర్ల పైన ఉంది వర్షా. ఇక్కడ నీళ్లు తొంభై రెండు డిగ్రీలకే మరిగిపోతాయి, అంతకు మించి వేడెక్కవు. తప్పు పప్పుదీ కాదు, నాదీ కాదు.

వాల్తేరు హాస్టల్లో మనం అనుకున్న పుస్తకానికి మొదలు దొరికింది అప్పుడే. నూరేళ్ల కిందటిదాకా గ్రీన్‌లాండ్ నడిమధ్య ఏముందో ఎవరికీ తెలీదు. అంచుల్లోనే మంచు, లోపల పచ్చటి నేల ఉండొచ్చని నమ్మిన పెద్దమనుషులు ఉన్నారు. 1888లో నార్వేవాడు నాన్సెన్, ఇంకో ఐదుగురు తూర్పు ఒడ్డు నుంచి పడమటి ఒడ్డుకి మంచు మీద నడిచి దాటారు. దారి పొడుగునా గాలి ఒత్తిడి చూశారు, నీళ్లు ఎంత వేడికి మరుగుతున్నాయో చూశారు. ఆ అంకెల్ని వరసగా కాగితం మీద పెడితే ఒక గీత వచ్చింది. తూర్పున గబగబా ఎక్కి, మధ్యలో దాదాపు చదునై, పడమటికి నెమ్మదిగా వాలే గీత. బోర్లించిన డాలులా మంచు. పచ్చిక లేదు, లోయ లేదు, ఏమీ లేదు. ఆ తర్వాత దాటినవాళ్లు తలా ఒక గీత చేర్చారు.

ఇక్కడ జిజాన్ ఎర్రసముద్రం ఒడ్డున ఉంది. అక్కణ్ణించి అభాకి వచ్చే రోడ్డు మొదట బల్లపరుపుగా ఉండి, ఒక్కసారి గోడలాంటి కొండెక్కి, పైకొచ్చాక తూర్పుకి మెల్లగా వాలుతుంది. అద్దంలో చూస్తే నాన్సెన్ గీతే. ఆ దారిలో ఆగి ఆగి నీళ్లు మరిగించి కొలుస్తాను. తెలుగు పిల్లలకి మంచు తెలీదు గానీ మరిగే నీళ్లు తెలుసు కదా. పైభాగం ఎలా కనిపెట్టారన్నది నా సగం, మంచు కింద ఏముందన్నది నీ సగం, అట్ట మీద ఇద్దరి పేర్లూ. విజయవాడ పబ్లిషర్‌గారికి వచ్చే ఏడాది ఆఖరుకి రాతప్రతి ఇస్తామని మాటిచ్చాం, గుర్తుంది కదా.

నువ్వు లూనా మీద లాబ్‌కి వెళ్తున్నావు. నేను కూరగాయల కొట్టుకి వెళ్లాలన్నా మీ బావ సైటు నుంచి రావాలి. కువైట్ గొడవ మొదలయ్యాక అమెరికన్ ఆడ సైనికులు ట్రక్కులు నడుపుకుంటూ మా కిటికీ ముందునుంచే పోతున్నారు. నీ మీద కుళ్లుగా ఉందని రాయడానికి నాకేం మొహమాటం లేదు.

నీ
ఊర్మిళ


తార్నాక, హైదరాబాద్
30-10-1990

ఊర్మీ,

కుళ్లుకునేటప్పుడు పూర్తిగా తెలుసుకుని కుళ్లుకోవాలి. లూనా వారానికి రెండుసార్లు నడిపించుకునే వెళ్తున్నాను, అది నన్ను నడిపించడం మానేసింది. లాబ్‌లో నేను గీసిన గ్రాఫులు మా సారు పేరుతో సెమినార్లకి వెళ్తాయి, నేను వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొడతాను. నీకు మాత్రం మేడమీద ఇల్లు, కిటికీలోంచి కొండలు, వర్షం పడే ఊరు. సౌదీలో వర్షం పడే ఊరు వెతుక్కుని మరీ వెళ్లావు.

థర్మామీటర్ పంపుతున్నాను. బావ కంపెనీలో సర్వేయరు మహబూబ్ సుభాని గారు సెలవు మీద వచ్చారు, ఆయన చేతికిచ్చాను. పాదరసం బుడ్డిని నీళ్లలో ముంచకు, నీళ్ల పైన ఆవిరిలో పెట్టు. జిజాన్ నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఉప్పునీళ్లు ఇంకాస్త వేడికి గానీ మరగవు. సీసా నీళ్లు వాడు. బుడగలు వచ్చాయని సంబరపడి వెంటనే రాసెయ్యకు, పాదరసం కదలడం మానేదాకా ఆగు.

నా సగం నడుస్తోంది. 1930లో ఒక జర్మన్ బృందం ఆ మంచు మధ్యలో గుహ తవ్వుకుని శీతాకాలమంతా ఉంది. మరుసటేడు మంచు మీద మందుగుండు పేల్చి, కింద రాతికి తగిలి చప్పుడు తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూశారు. మధ్యలో మంచు మందం రెండున్నర వేల మీటర్లకి పైనే ఉంది. అంటే నీ డాలు కింద ఇంకో డాలు లేదమ్మా. అంచుల్లో కొండలు, నడుమ కుంగిన నేల. పైనుంచి ఎంత నడిచినా అది కనపడదు.

నిన్ను ఇక అక్కా అనాలని అమ్మ ఒకటే పోరు. బావ పెళ్లాం అక్కే అవుతుందిట. రెండేళ్లు ఒకే బకెట్ పంచుకున్నదాన్ని అక్కా అనడానికి నాకు నోరు తిరగడం లేదు.

బావ నీతో కొలవడానికి వస్తాడా? వస్తాడులే. చిన్నప్పుడు గాలిపటం ఎంతెత్తు వెళ్లిందో దారం కొలిచి చెప్పేవాడు. నేను అడిగానని చెప్పు. వద్దులే, చెప్పకు.

వర్ష


అభా
12-1-1991

వర్షా,

ఇది పోస్టులో వేస్తున్న చిన్న ఉత్తరం. అసలుది పదకొండు పేజీలు. కొలతల పట్టిక, దారి వివరం, నా మొదటి అధ్యాయానికి చిత్తు, అన్నీ అందులో ఉన్నాయి. యుద్ధం వస్తుందని సుభాని గారు పెళ్లాంబిడ్డల దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఆయనకిమ్మని కవరు మీ బావ చేతిలో పెట్టాను. అందగానే ఒక్క ముక్క రాయి.

మాకు ముసుగులు ఇచ్చారు, విషవాయువు వస్తే పెట్టుకోవడానికి. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే తొండం తెగిన ఏనుగులా ఉన్నాను. కిటికీలకి టేపు అంటించాం. భయమేస్తోందని ఇంట్లో చెప్పకు.

ఊర్మిళ


తార్నాక
3-4-1991

ప్రియమైన అక్కకి,

యుద్ధం ఆగిపోయిందని రేడియోలో విన్నాక అందరం ఊపిరి పీల్చుకున్నాం. అంకెలు అందాయి. చాలా బాగున్నాయి. మిల్లీమీటర్ కాగితం మీద గీత గీశాను, నాన్సెన్ గీత పక్కన పెడితే మా సారు కూడా ఆగి చూశారు.

పుస్తకానికి ముందు కాస్త రుచి చూపిస్తే బాగుంటుందని ఒక వారపత్రికకి వ్యాసం పంపాను. వేసుకుంటామని రాశారు. బహుశా జూన్‌లో.

నీ ఆరోగ్యం జాగ్రత్త. బావని అడిగానని చెప్పు.

వర్ష


అభా
5-5-1991

వర్షా,

అక్కా అని రాశావు. సరే, అది మీ అమ్మగారి పోరు అనుకుంటాను. అంకెలు అందాయన్నావు. పదకొండు పేజీల్లో అంకెలు ఒక్క పేజీ. మిగతా పది పేజీల గురించి ఒక్క మాట లేదు. మిలిటరీ జీపు సంగతి చదివి నువ్వు ఊరుకోవు. మొండయ్య సంగతి చదివితే లాబ్ అంతటికీ వినిపించి ఉండేదానివి. అవి నీకు చేరలేదని నా అనుమానం. మళ్లీ రాస్తాను, ఇప్పుడు యుద్ధం అయిపోయింది కాబట్టి రాయొచ్చు.

డిసెంబర్‌లో వానలకి కొండ రోడ్డు మీద తూములు దెబ్బతిన్నాయేమో చూడ్డానికి కంపెనీ మీ బావని జిజాన్ దాకా పంపింది. నేనూ ఎక్కాను. బండి నడిపింది మొండయ్య. సిరిసిల్ల వైపు మనిషి, ఊళ్లో మగ్గం నేసేవాడు, ఇక్కడ ఏడేళ్లుగా డ్రైవరు. వచ్చేటప్పుడు ఎనిమిది చోట్ల ఆగాం. గాలికి అడ్డంగా బండి తలుపు తెరిచి, కింద చిన్న గ్యాస్ పొయ్యి పెట్టి నీళ్లు మరిగించాను. సముద్రం ఒడ్డున సరిగ్గా వంద. కొండ మొదట్లో తొంభై తొమ్మిది పైచిలుకు. సొరంగాలు మొదలయ్యాక మలుపు మలుపుకీ పాదరసం దిగిపోతూ వచ్చింది. సగం కొండ ఎక్కేసరికి తొంభై ఆరున్నర. నా కళ్ల ముందు ఎత్తు తయారవుతున్నట్టుంది వర్షా. మూడొందల మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున. రోడ్డు పక్క కోతులు కూర్చుని చూశాయి.

మొండయ్యకి మాత్రం ప్రాణం ఉసూరుమంది. నీళ్లు మరిగించడం, పారబోయడం, బండెక్కడం. మూడోసారికి ఉండబట్టలేక, "మేడమ్, నీళ్లు మసులుతున్నయ్, చాయ్‌పత్తి ఎయ్యరా?" అన్నాడు. వెయ్యనంటే మీ బావ దగ్గరికెళ్లి, మేడమ్‌కి పానం బాగలేదా సార్ అని గుసగుసగా అడిగాడు.

ఆరో చోట మిలిటరీ జీపు ఆగింది. పక్క ఊరు ఖమీస్‌లో యుద్ధ విమానాల స్థావరం ఉంది, అక్కణ్ణించి ఎంతో దూరం లేదు. ఒక పరాయిదేశపు ఆడది రోడ్డు పక్కన కూర్చుని గాజు గొట్టం చూస్తూ పుస్తకంలో అంకెలు రాస్తోంది. మీ బావ మొహం సున్నం కొట్టినట్టయింది. ఇక్కడ ఉండటానికిచ్చే ఇకామా కాగితం తీసి తలకిందులుగా పట్టుకుని చూపించాడు. మొండయ్య వంగి గిన్నెలో గుప్పెడు చాయ్‌పత్తి, అంత పంచదార వేసేసి, "చాయ్ సదీక్, చాయ్" అన్నాడు, స్నేహితుణ్ణి పిలిచినట్టు. ఆ సిపాయి నా పుస్తకం తిరగేశాడు, తెలుగు చూసి ఏమీ తెలియక ఇచ్చేశాడు, చాయ్ తాగి వెళ్లాడు. అందుకే ఆరో చోట కొలత లేదు. పట్టికలో ఆ వరసకి ఎదురుగా "మొండయ్య చాయ్ పెట్టాడు" అని రాశాను.

యుద్ధం మొదలవకముందు నుంచే పొద్దు వాలితే నల్లటి గబ్బిలాల్లాంటి విమానాలు లేచేవి. మా వీధిలో రొట్టెలు కాల్చే యెమెనీ ముసలాయన అంతకు ముందే కొట్టుకి తాళం వేసి, పొయ్యిలో నిప్పు ఆరకుండానే వెళ్లిపోయాడు. యెమెన్ ఇరాక్ వైపు మాట్లాడిందని వాళ్లందర్నీ పంపేశారు. ఇవన్నీ కూడా ఆ పేజీల్లో రాశాను.

ఇంకో సంగతి. ఇళ్లు సోదా చేస్తారని ఎవరో అంటే, జనవరిలో మీ బావ నా కొలతల పుస్తకం వంటింటి సింకులో పెట్టి కాల్చేశాడు. అంటే ఆ అంకెలు ఈ భూమ్మీద నీ దగ్గర తప్ప ఎక్కడా లేవు. జాగ్రత్త చెయ్యి. ఆ కాగితం ఎలా ఉంది, ఎన్ని పేజీలు అందాయి, సూటిగా రాయి.

ఊర్మిళ


తార్నాక
28-6-1991

అక్కా,

ఇక్కడ వర్షాలు, లాబ్‌లో కంప్యూటర్ కొత్తది వచ్చింది, ఊపిరాడడం లేదు. పేజీలు ఎన్ని అన్నది గుర్తు లేదు, ఫైల్లో పెట్టేశాను. కంగారు పడకు, అంకెలు భద్రంగా ఉన్నాయి. వ్యాసం వచ్చింది. ఒక ప్రతి పోస్టులో వేద్దామనుకున్నాను గానీ అక్కడ పత్రికలు ఆపేస్తారంటారు కదా.

వర్ష


అభా
16-9-1991

వర్షకి,

పత్రికలు ఆపేస్తారనుకున్నావు. ఒకటి ఆగకుండా వచ్చింది.

మొన్న వినాయక చవితికి ఇక్కడి తెలుగువాళ్లం పన్నెండు మందిమి ఆసుపత్రి క్వార్టర్స్‌లో డాక్టర్ ప్రేమలత గారింట్లో కలిశాం. తలుపులు వేసుకుని, తెరలు దించుకుని, గంట మోగకుండా పూజ చేసుకున్నాం. మగవాళ్లు హాల్లో, మేం వంటింట్లో. ప్రేమలత గారు సెలవు నుంచి వస్తూ బట్టల మధ్య వారపత్రిక తెచ్చుకున్నారు. ఉండ్రాళ్లు దించి, తుడుచుకున్న చేత్తో పత్రిక పట్టుకుని నాకు చదివి వినిపించారు. "సౌదీ అరేబియాలో ఇంజనీరుగా ఉన్న మా బావ హేమసుందర్, పనుల మధ్య తీరిక చేసుకుని, జిజాన్ నుంచి అభా వరకు నీళ్ల మరుగు వేడిని స్వయంగా కొలిచి పంపారు." స్వయంగా. ఆ మాట నువ్వు వెతికి పెట్టిందే.

మీవారు ఎంత గుంభనంగా ఉంటారండీ అని ప్రేమలత గారు అన్నారు. నేను పళ్లెంలో ఉండ్రాళ్లు సర్దుతూ ఉన్నాను. ఆవిడ పత్రిక పట్టుకుని హాల్లోకి వెళ్లారు. అక్కడ ఒకాయన, ఏంటి గురూ, నాన్సెన్ అయిపోయావు అన్నాడు. అందరూ నవ్వారు. తెర వెనక నుంచి చూస్తున్నాను. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని చూశాను. హేమసుందర్ తల వంచుకుని, ఏదో సరదాకి లెండి అన్నాడు.

ఇంటికొచ్చాక అడిగాను. ఆయన దాచలేదు, అడిగితే ఏదీ దాచడు, అడిగేదాకా చెప్పడంతే. నా పదకొండు పేజీల్లో విమానాల గురించి రెండు పేజీలు ఉన్నాయట. ఎయిర్‌పోర్టులో సుభాని గారి పెట్టెలో అది దొరికితే ఆయనా పోతాడు, మనమూ పోతామని భయపడి, పట్టిక ఒక్కటీ తన చేత్తో తిరగ రాసి, నాది కాల్చేశాడు. ఆ భయం నాకు అర్థమైంది. జీపు ఆగిన రోజు ఇకామా తలకిందులుగా పట్టుకోవడం నేను చూశాను. మరి నా పేరు ఎందుకు రాయలేదన్నాను.

"పేరు ఎవరిదైతే ఏంటి ఊర్మిళా, ఇంట్లోదేగా."

అని, వర్షకి చాలా సంతోషమైంది కూడాను అన్నాడు. నీకు సంతోషమైన సంగతి ఆయనకెలా తెలిసింది? ఇక్కడ ఉత్తరాలు ఇంటికి రావు, కంపెనీ పోస్టు పెట్టెకి వస్తాయి, ఆయనే తెచ్చిస్తాడు. నువ్వు ఆయన పేర రాసినవి, ఆయన నాకు చూపించనివి నాలుగున్నాయని తేలింది. సైటు ఆఫీసు సొరుగులో ఉన్నాయట. చదువుతావా అన్నాడు. అక్కర్లేదన్నాను. అబద్ధం. చదవాలని ప్రాణం పీకింది. ఇప్పటికీ పీకుతోంది. నాకు రాసిన ఉత్తరంలో అంకెలు అందాయని మూడు వాక్యాలు, ఆయనకి ఎన్ని పేజీలు?

నాకు రెండు కావాలి. ఆయన చేత్తో రాసిన ఆ పట్టిక అసలు కాగితం. ఒక నిజం. ఆ కొలతలు నావని నీకు తెలియదా?

ఊర్మిళ


తార్నాక
19-11-1991

ఊర్మీ,

అక్కా అని రాయను. ఈ ఉత్తరం అక్కకి రాసేది కాదు.

తెలుసు. కవరు చింపగానే తెలిసింది. బావ దస్తూరీ, కంపెనీ కాగితం, మేము కొలిచాం అని రాశాడు. కానీ ఆరో వరసకి ఎదురుగా "మొండయ్య చాయ్ పెట్టాడు" అని ఉంది. ఆలోచించకుండా ఎక్కించేసినట్టున్నాడు. మా బావ పట్టికలో డ్రైవరు చాయ్ గురించి రాసే మనిషి కాదు. అలా రాసేదానివి నువ్వొక్కదానివే. ఆ వరస చదివి నవ్వాను. నవ్వాక ఆ వరస తీసేసి వ్యాసం రాశాను.

ఎందుకంటే చెబుతాను. మేనరికం శాస్త్రవిరుద్ధమని ఇంట్లో లెక్చరిచ్చింది నేనే. బావ వాల్తేరు వచ్చింది నన్ను చూడ్డానికి. విజిటర్స్ రూములో గంటసేపు నీతో మాట్లాడాడు. నేను పెద్ద ఉదారంగా, మీ ఇద్దరికీ కుదురుతుంది అన్నాను. అన్నాక ఇద్దరిలో ఒక్కరైనా, నిజంగానే అంటున్నావా అని అడగలేదు. అత్తయ్య ఏడ్చింది, నాన్న రాజ్యం మొహం చూడలేకపోయాడు, నువ్వు మాత్రం హాస్టల్ గదిలో పట్టుచీర రంగు అడిగావు. ఆకుపచ్చ అన్నాను.

రెండేళ్ల తర్వాత నా పేరు రాసిన కవరు వచ్చింది, ఆయన దస్తూరీతో. ఆయన కొలిచి నాకు పంపాడని లోకం చదవాలనిపించింది. ఒక్క వ్యాసంలో. అంతే.

ఆ నాలుగు ఉత్తరాల్లో ఏమీ లేదు. లాబ్ సంగతులు, వ్యాసం సంగతులు. నువ్వు చదివితే నీకే సిగ్గేస్తుంది, అంత చప్పగా ఉన్నాయి.

పట్టిక మాత్రం పంపలేను. అడక్కు. అంకెలు కావాలంటే టైపు చేసి పంపుతాను. పుస్తకంలో నీ సగం మీద నీ పేరే ఉంటుంది, ముందుమాటలో సవరణ వేద్దాం, నా పేరు రెండోది వేసుకుందాం. పత్రికకి మాత్రం రాయకు. బావ పరువు పోతుంది, అత్తయ్యకి తెలుస్తుంది. విజయవాడ నుంచి రెండుసార్లు కబురొచ్చింది, జనవరి ఆఖరు దాకా గడువిచ్చారు. నీ అధ్యాయాలు పంపు.

వర్ష


అభా
9-1-1992

వర్షకి,

ఈ ఉత్తరం మీద తిరుగు చిరునామా వేరేది. డాక్టర్ ప్రేమలత గారి ఆసుపత్రి పోస్టు పెట్టె. నాకొచ్చే కాగితాలు ఇకమీదట అక్కడికే వస్తాయి, ఆవిడే తెచ్చిస్తారు. ఆ కొలతలు ఎవరివో ఆవిడకి చెప్పాను. ఆ రోజు నువ్వు ఉండ్రాళ్లు లెక్కపెట్టినట్టు సర్దుతుంటే అనుకున్నాను అన్నారు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆకుపచ్చ దగ్గర ప్రతిసారీ ఆగాను. నువ్వు మనసులో మాట చెప్పాల్సింది. నేను అడగాల్సింది. రెండూ నిజమే. అయినా నీ మీద నాకు జాలి రాలేదు, వస్తుందేమోనని నాలుగు రోజులు ఆగి మరీ చూశాను. నువ్వు మీ సారు వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టేదానివి. ఎలా ఉంటుందో తెలిసిన మనిషివి నన్ను అదే వరసలో కూర్చోబెట్టావు.

పట్టిక నీ దగ్గరే ఉంచుకో. టైపు చేసి పంపక్కర్లేదు. పోయిన నెల చివర్లో మళ్లీ కొలిచాను. హేమసుందర్‌ని సెలవు పెట్టించి తీసుకెళ్లాను. ఆయన రోజంతా బండి దిగలేదు. ఈసారి తొమ్మిది చోట్ల ఆగాం, అభా దాటి సౌదా కొండ మీదకి కూడా వెళ్లాం. అక్కడ తొంభై డిగ్రీల మూడు పదోవంతులు. నాన్సెన్ ఆ మంచు మీద ఎక్కిన అన్నిటికన్నా ఎత్తైన చోటు ఇంతకంటే కిందే ఉంది. పట్టికలో ప్రతి వరస పక్కనా తేదీ, వేళ, నా సంతకం ఉన్నాయి. సాక్షి సంతకం మొండయ్యది. కొలిచింది మేడమే అని రాయమంటే, ఏ పరేషాన్ రాదు గదా అని అడిగి, వస్తే తన మీదికి రానియ్యనని నేనన్నాక, నిదానంగా కూడబలుక్కుని రాశాడు.

అన్నం తినేటప్పుడు హేమసుందర్‌కి కూడా చెప్పాను. పత్రికకి సవరణ రాశాను, పోస్టు చేసేశాను అని. అమ్మకి తెలిస్తే ఎలా అన్నాడు. తెలుస్తుందన్నాను. వర్షని ఏమీ అనకు అన్నాడు. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే బాగుండేది. ఆయన సొరుగు తాళంచెవి నా ముందు పెట్టాడు. తీసుకోలేదు. చదివితే అందులో ఏం లేదని తెలుస్తుంది, చదవకపోతే ఏదో ఉందనిపిస్తుంది. ఏదో ఉందనుకుంటూ బతకడమే నాకు తేలిక.

విజయవాడకి విడిగా రాశాను, వాళ్లు ఒప్పుకున్నారు. పుస్తకం 1913 దగ్గర ఆగిపోతుంది. అప్పటికి మంచు మీద అటూ ఇటూ దాటిన గీతలు నాలుగో ఐదో అయ్యాయి, పైభాగం ఏ ఆకారంలో ఉందో తేలింది. నా పుస్తకానికి అది చాలు. మంచు కింద ఏముందన్నది నీ సంగతి. విడిగా రాసుకో, నీ పేరుతో వేసుకో, నేను అడ్డు రాను, సాయం చెయ్యను.

అధ్యాయాలు నీకు పంపను. నిన్ననే రిజిస్టర్డ్ పోస్టులో వాళ్లకే నేరుగా పంపేశాను. అట్ట మీద ఒక్క పేరే ఉంటుంది, నా పుట్టింటి పేరుతో. ముందుమాటలో నువ్వు లేవు, హేమసుందర్ లేడు. నీకు ప్రతి పంపను.

ఊర్మిళ